పెరటి చెట్టు, పిట్స్‌బర్గ్ జట్టు



ఎప్పుడూ మన ఊళ్ళ చరిత్ర, మన పెద్దల వలసల చరిత్ర రాస్తూ ఉంటాను. ఈసారి అమెరికా ఆట ఒకదాని చరిత్ర రాస్తున్నాను. మనకేం సంబంధం అని అడగబోయేవాళ్ళు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

మా అమ్మాయి కుటుంబం పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది. ఆ ఊరు మనవాళ్ళకు పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుసు. 1970లలో కుంభాభిషేకం జరిగిన గుడి అది. అమెరికావాళ్ళకు మాత్రం ఉక్కు మిల్లులు, స్టీలర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు అంటేనే ఆ ఊరు గుర్తుకొస్తుంది. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. రెండు పక్కలా మొన తేలిన బంతిని చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ముందుకు తీసుకుపోయే ఆట.

ఏప్రిల్ వస్తే మా మనవడు ఒక నోట్‌బుక్ తెరుస్తాడు. ఎడమ పేజీలో జట్టుకు ఏ స్థానంలో మనిషి కావాలో రాస్తాడు. కుడి పేజీలో ఆ ఏడు కాలేజీల నుంచి వచ్చే ఆటగాళ్ళ పేర్లు, ఎత్తు, బరువు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తారన్న లెక్క. ఎడమ పేజీకీ కుడి పేజీకీ గీతలు గీసి కలుపుతాడు.

"ఇంత కష్టం ఎందుకురా? ఐపీఎల్ వేలంలాగా డబ్బు పెట్టి కొనుక్కుంటే సరిపోదా?" అన్నాను.

"ఇక్కడ వేలం లేదు తాతా, వంతు ఉంది" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. రైల్వేలో పనిచేసినవాణ్ణి కదా, వంతు అంటే నాకు మర్యాద ఎక్కువ. ఈ వంతు ఎక్కడ పుట్టిందా అని వెతికి చదివాను.

1930లలో ఈ జట్లకు ఏ నియమమూ లేదు. కాలేజీ చదువు అయిపోయిన ఆటగాణ్ణి ఎవరు ఎక్కువ డబ్బు ఇస్తే వాళ్ళు తీసుకుపోయేవారు. న్యూయార్క్, షికాగోల్లోని పెద్ద జట్లు గెలుస్తూనే ఉండేవి, ఓడేవాళ్ళు ఓడుతూనే ఉండేవారు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్. స్టాన్ కోస్ట్కా అనే మిన్నెసోటా ఆటగాణ్ణి తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు, కానీ అతను బ్రూక్లిన్ జట్టుకు పోయాడు. 1935లో యజమానుల సమావేశంలో బెల్ ఒక ప్రతిపాదన పెట్టాడు. కాలేజీ ఆటగాళ్ళ పేర్లన్నీ ఒకచోట రాద్దాం, అందరికంటే వెనకబడిన జట్టు మొదట ఎంచుకోవాలి, గెలిచిన జట్టు చివర ఎంచుకోవాలి, ఒకరు ఎంచుకున్నవాడి జోలికి ఇంకొకరు పోకూడదు. గెలుస్తున్న జట్ల యజమానులు కూడా ఒప్పుకున్నారు. ఎదుటి జట్టు బతికి ఉంటేనే తమ ఆట చూడటానికి జనం టికెట్టు కొంటారని వాళ్ళకు తెలుసు.

1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో ఒక హోటల్ గదిలో మొదటి ఎంపిక జరిగింది. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. 9 జట్లు, 9 రౌండ్లు, మొత్తం 81 మంది. అప్పటి జట్లకు ఆటగాళ్ళను వెళ్ళి చూసివచ్చే మనుషులు ప్రత్యేకంగా లేరు. పేపర్లో చదివింది, ఎవరో చెప్పగా విన్నది, అంతే. మొదటి వంతు బెల్ జట్టుదే. షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బెర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి, ఇప్పుడు హైజ్‌మన్ ట్రోఫీ అంటున్నది, మొట్టమొదట అందుకున్నది అతనే. అతను అడిగిన జీతం బెల్ ఇవ్వలేకపోయాడు. హక్కును షికాగో బేర్స్ జట్టుకు ఇచ్చేశాడు. వాళ్ళతోనూ బేరం కుదరలేదు. చివరికి ఆ మనిషి వృత్తి ఆట ఒక్కటి కూడా ఆడకుండానే వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ వంతు యజమానుల మధ్య న్యాయమే గాని ఆటగాడికి కాదు. మనం రైల్వేలో చేరినప్పుడు ఏ డివిజన్‌లో వేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని పోయినట్టే, అతనూ పోవాలి. 1968లో వాషింగ్టన్ జట్టు మొదటి రౌండ్‌లో తీసుకున్న జేమ్స్ స్మిత్‌కు మొదటి ఏడాదే మెడకు దెబ్బ తగిలి ఆట ముగిసింది. నన్ను నచ్చిన చోట బేరమాడుకోనివ్వలేదు కదా అని కోర్టుకు వెళ్ళాడు. 1976లో జడ్జి ఆ డ్రాఫ్ట్ చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చాడు. తరువాత 1977లో ఆటగాళ్ళ సంఘంతో ఒప్పందం చేసుకుని, 17 రౌండ్లను 12కు తగ్గించి, పద్ధతిని నిలుపుకున్నారు. ఇప్పుడు 32 జట్లు, 7 రౌండ్లు.

ఇంకా పెద్ద అన్యాయం ఒకటి ఉంది. 1934 నుంచి 1945 వరకు ఆ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. రాసిన నియమం కాదు, అందరూ పాటించిన నియమం. 1939లో దేశంలోనే పేరు మోగిన కెన్నీ వాషింగ్టన్ లాస్ ఏంజిలస్ కాలేజీలో ఆడేవాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవ్వరూ పలకలేదు. 1946లో లాస్ ఏంజిలస్ జట్టు అతన్ని తీసుకునేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. డ్రాఫ్ట్‌లో మొదటిసారి ఒక నల్లజాతి ఆటగాణ్ణి ఎంచుకున్నది 1949లో. పేరు జార్జ్ టాలియఫెరో. అదీ 13వ రౌండ్‌లో.

ఇప్పుడు పిట్స్‌బర్గ్‌కు వద్దాం.

ఆర్ట్ రూనీ 1933లో పెట్టిన జట్టు ఇది. బెల్ చెప్పిన న్యాయం ప్రకారం ఇది త్వరగా బాగుపడాలి. ఎక్కువ ఏళ్ళు అడుగునే ఉంది కాబట్టి మంచి వంతులు వస్తూనే ఉన్నాయి. అయినా 1972 దాకా, అంటే దాదాపు 40 ఏళ్ళు, లీగ్ ముగిశాక జరిగే పెద్ద పోటీల్లో ఒక్క ఆట గెలవలేదు. ఎందుకు?

1955లో జానీ యునైటస్‌ను 9వ రౌండ్‌లో తీసుకున్నారు. పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు. ఒక్క ఆటలో కూడా దింపకుండానే ఇంటికి పంపేశారు. అతను పగలు కట్టడం పనికి పోతూ, ఊళ్ళోని చిన్న జట్టులో కొద్ది డాలర్లకు ఆడుకున్నాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ పిలిచింది. 1958, 1959 రెండేళ్ళూ ఆ జట్టును ఛాంపియన్ చేశాడు. 1957లో పిట్స్‌బర్గ్ 5వ వంతులో లెన్ డాసన్‌ను తీసుకుంది. 6వ వంతులో క్లీవ్‌లాండ్ జిమ్ బ్రౌన్‌ను తీసుకుంది. బ్రౌన్ ఆ ఆట చరిత్రలోనే గొప్పవాళ్ళలో ఒకడు అయ్యాడు. డాసన్ కూడా గొప్పవాడే అయ్యాడు, కాకపోతే పిట్స్‌బర్గ్ వదిలి వేరే చోటికి పోయాక. బడ్డీ పార్కర్ కోచ్‌గా ఉన్న కాలంలో రాబోయే ఏళ్ళ వంతులను ఇచ్చేసి వయసు మళ్ళిన ఆటగాళ్ళను తెచ్చుకున్నారు. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు.

వంతు ఇస్తే చాలదని నాకు ఇక్కడే అర్థమైంది. మనిషిని గుర్తుపట్టే కన్ను ఎవరూ ఇవ్వరు, మనమే తెచ్చుకోవాలి.

ఆ కన్ను ఉన్న మనిషి ఆ ఊళ్ళోనే ఉన్నాడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో బిల్ నన్ క్రీడల విభాగం చూసేవాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కాలేజీలు చాలా ఉన్నాయి. పెద్ద పత్రికలు వాటిని పట్టించుకునేవి కావు. నన్ ఊరూరా తిరిగి ఆ కాలేజీల ఆటలు చూసి, ఏటా ఉత్తమ ఆటగాళ్ళ జాబితా అచ్చువేసేవాడు. ఆ జాబితా స్టీలర్స్ ఆఫీసు ఉన్న ఊళ్ళోనే అచ్చయ్యేది. జట్టువాళ్ళు నల్లవాళ్ళను చూసే తీరు నన్‌కు నచ్చేది కాదు. ఆర్ట్ రూనీ కొడుకు డాన్ రూనీ అతన్ని పిలిపించి మాట్లాడాడు. అలాగైతే వచ్చి మాకు పనిచేయండి అన్నాడు. 1960ల చివర్లో నన్ చేరాడు. 1969లో చక్ నోల్ కోచ్‌గా వచ్చాడు.

నోల్ మొదటి ఏడాది జట్టు 14 ఆటల్లో 1 గెలిచి 13 ఓడింది. అభిమానులు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించుకోండి. కానీ అదే ఏడాది జో గ్రీన్ వచ్చాడు. 10వ రౌండ్‌లో ఆర్కాన్సాలోని నల్లజాతి కాలేజీ నుంచి ఎల్.సి. గ్రీన్‌వుడ్ వచ్చాడు. 1970లో నాణెం ఎగరేసి గెలిచి మొదటి వంతు తీసుకుని టెర్రీ బ్రాడ్‌షాను తెచ్చారు. 3వ రౌండ్‌లో సదరన్ యూనివర్సిటీ నుంచి మెల్ బ్లౌంట్ వచ్చాడు.

ఇక 1974. అలబామాలోని నల్లజాతి కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాణ్ణి చూడటానికి పలు జట్ల మనుషులు వెళ్ళారు. నేల తడిగా ఉంది. పరిగెత్తిస్తే వేగం చాల్లేదు. అందరూ కాగితం మీద అంకె రాసుకుని వెళ్ళిపోయారు. నన్ ఒంట్లో బాగాలేదని చెప్పి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. మర్నాడు పొడి నేల మీద మళ్ళీ పరిగెత్తించాడు. అసలు వేగం తెలిసింది. మిగతావాళ్ళకు ఇతని విలువ తెలియదు గనుక ఆగవచ్చని ధైర్యంగా ఉన్నారు. 1వ రౌండ్‌లో లిన్ స్వాన్. 2వ రౌండ్‌లో మరీ బక్కగా ఉన్నాడని అందరూ అన్న జాక్ లాంబర్ట్. 4వ రౌండ్‌లో స్టాల్‌వర్త్. 5వ రౌండ్‌లో ఆ స్థానానికి చిన్న ఒళ్ళు అనుకున్న మైక్ వెబ్‌స్టర్. 17 రౌండ్లలో ఎవరూ ఎంచుకోని డానీ షెల్‌ను సౌత్ కరొలైనా స్టేట్ కాలేజీ నుంచి విడిగా పిలిచి చేర్చుకున్నారు. ఈ అయిదుగురూ ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఆ సీజన్‌తో మొదలుపెట్టి ఆరేళ్ళలో జట్టు 4 సూపర్ బౌల్‌లు గెలిచింది. నన్‌ను కూడా 2021లో ఆ హాల్‌లో చేర్చారు. అప్పటికి ఆయన పోయి 7 ఏళ్ళు.

ఇంత నేర్చుకున్న జట్టు మళ్ళీ తప్పు చేయలేదా అంటే, చేసింది. 1983లో డాన్ మరీనో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలోనే ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు. జట్టు వంతు 21వది. అప్పటికి మరీనో ఇంకా మిగిలే ఉన్నాడు. ఆ స్థానానికి మనకు బ్రాడ్‌షా ఉన్నాడు కదా, మనకు కావలసింది ముందు వరుసలో అడ్డుకునేవాడు అనుకుని గేబ్ రివేరాను తీసుకున్నారు. రివేరా మంచి ఆటగాడు. పాపం ఆ అక్టోబర్‌లోనే కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. అది జట్టు తప్పు కాదు. కానీ మోచేయి నొప్పితో బ్రాడ్‌షా ఆ ఏడు ఒక్క ఆటే ఆడి మానేశాడు. 27వ వంతులో మయామీ తీసుకున్న మరీనో 17 ఏళ్ళు ఆడాడు. అలాంటివాణ్ణి మళ్ళీ డ్రాఫ్ట్‌లో తెచ్చుకోవడానికి పిట్స్‌బర్గ్‌కు 2004 దాకా పట్టింది.

ఇది చెబితే మా మనవడు కాసేపు మాట్లాడలేదు. వాడి ఎడమ పేజీ, అంటే 'ఇవాళ మనకేం తక్కువ' అన్న పేజీ, ఆ రోజు జట్టు ఆఫీసులో రాసిన పేజీ లాంటిదే. పెరటి చెట్టు మందుకు రాదని మనవాళ్ళు అన్నది ఊరికే కాదు. యునైటస్, నన్, మరీనో ముగ్గురూ ఆ ఊరివాళ్ళే. ఒకణ్ణి పంపేశారు, ఒకణ్ణి ఏళ్ళ తరబడి పిలవలేదు, ఒకణ్ణి వదిలేశారు.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాను. 5వ రౌండ్‌లో వచ్చిన వెబ్‌స్టర్ 17 ఏళ్ళు తలతో ఢీకొడుతూ ఆడి, చివరి రోజుల్లో మతి చెదిరి, ఉండటానికి ఇల్లు కూడా లేక, 2002లో 50 ఏళ్ళకే పోయాడు. పిట్స్‌బర్గ్‌లోనే డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతని మెదడు పరీక్షించి, దెబ్బల మీద దెబ్బలు తగిలి పాడైందని తేల్చాడు. ఎత్తు, బరువు, సెకన్లు రాసే కుడి పేజీలో ఆ గడి లేదు. ఎంచుకోవడంతో పెద్దల బాధ్యత తీరిపోదు.

ఇప్పుడు మన సంగతి.

ఏటా మనం విద్యా సహాయానికి పిల్లలను ఎంచుకుంటాం. వచ్చిన అప్లికేషన్లలో మార్కులు చూసి పైనుంచి కిందికి లెక్కపెడతాం. అది తప్పని అనను, నేనూ ఆ కమిటీలో కూర్చున్నవాణ్ణే. కానీ అప్లికేషన్ రానివాళ్ళ సంగతి? సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదివే పిల్లలున్నారు. మన అప్లికేషన్ ఇంగ్లీషులో, మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. వాళ్ళ నాన్న ఆ గ్రూపులో లేడు. నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా నాన్న కూడా ఏ సంఘంలోనూ లేడు. ఒక తమిళ మాస్టారు ఇంటికి వచ్చి అడిగాడు గనుక నా చదువు సాగింది.

బలహీనుడికి మొదటి వంతు అని మన నియమావళిలో రాసుకోవచ్చు. రాసుకున్నంత మాత్రాన సరిపోదని పిట్స్‌బర్గ్ 40 ఏళ్ళు ఓడి చూపించింది. ఒకరు వెళ్ళాలి, ఒక రాత్రి ఉండిపోవాలి, పొడి నేల మీద మళ్ళీ చూడాలి.

అందుకని నా విన్నపం. ఈ ఏడు జూన్ లోపల ఒక్కొక్క సభ్యుడు ఒక్క ఊరికి వెళ్ళి, అప్లికేషన్ పెట్టని ఒక్క పిల్ల పేరో పిల్లవాడి పేరో తెచ్చి కమిటీకి ఇవ్వండి. అప్లికేషన్ తమిళంలోనూ వేయిద్దాం. రైలు పాసు ఉన్న నాలాంటి రిటైర్డు వాళ్ళం ముందు బయలుదేరుదాం. నేను సాత్తూరు వైపు వెళ్తాను.

నా తెలుగులో తప్పులుంటే మన్నించి దిద్దండి. ఊరి పేరు ఎంచుకున్నవాళ్ళు కింద రాయండి.