గిన్నె కదపొద్దు!

పాలు తోడుపెట్టాక గిన్నె కదపకూడదని మనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నలుపు తెలుపు ఫిలిం కడగడంలోనూ అలాంటి పద్ధతి ఒకటుందంటే నవ్వొస్తుంది గానీ, నిజమేనండీ!

మా గోదావరి జిల్లాల ఇళ్ళల్లో గోడలకు వేలాడే పాత పెళ్ళిఫోటోలు చూస్తే నాకెప్పుడూ దిగులే. పెళ్ళికొడుకు తెల్లపంచె ధగధగలాడుతుంటుంది. పక్కన ముదురు పట్టుచీరలో పెళ్ళికూతురు పందిరి నీడలో కలిసిపోతుంది. ముఖమే కనపడదు!

మామూలుగా ఫిలిం ఉన్న డబ్బాను మధ్యమధ్య కుదుపుతారు. కుదిపినప్పుడల్లా అన్నిచోట్లకీ తాజా మందు అందుతుంది. కదపకుండా వదిలేస్తేనో? వెలుగు బాగా పడ్డచోట మందు త్వరగా ఖర్చయి పని మందగిస్తుంది. నీడపట్టున మాత్రం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. పంచె ఆగుతుంది, ముఖం తేలుతుంది.

అయితే ఏ మందు పడితే ఆ మందు పనికిరాదు. తర్వాత అగ్ఫాగా పేరుపడ్డ బెర్లిన్ కంపెనీలో మోమె ఆండ్రెసెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1891లో రోడినాల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఒక పాలు మందుకు నూరుపాళ్ళ నీళ్ళు కలిపి, గంటసేపు కదపకుండా ఉంచడానికి పేరుపొందింది ఇదే. పలచన కాబట్టే త్వరగా ఖర్చవుతుంది. 1927లో కొడాక్ వారి డి-76 వచ్చింది, సినిమా ఫిలిం కోసం. అందులో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్. అది వెండిరేణువుల్ని కాస్త కరిగించి బొమ్మను నున్నగా చేస్తుంది, అంచుల పదును మాత్రం తగ్గిస్తుంది. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టేనాటికే ఈ రెండు మందులూ లోకంలో ఉన్నాయి. నునుపు కావాలా, పదును కావాలా? చీర జరీ అంచు చూసే మనకైతే జవాబు తెలిసిందే!

ఇక మన ఎండలది మరో పేచీ. ఈ లెక్కలన్నీ 20 డిగ్రీల నీళ్ళకు. వేసవిలో నీళ్ళు 30 దాటాయా, పెరుగు పులిసినట్టే మందు తొందరపడుతుంది. ఫిలిం మీది జిలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. చుట్టూ ఐసుగడ్డలు పెట్టి చల్లార్చుకోవాల్సిందే. పైగా బొత్తిగా కదపకపోతే ఒక్కోసారి చారలు పడతాయి. ఓపికకీ ఖరీదుందన్నమాట.

వెలుతురు సోకని ముఖాన్ని ఏ మందూ పుట్టించలేదు. కానీ కాగితం మీద నల్లబడ్డ ముఖం నెగటివ్‌లో భద్రంగా ఉండొచ్చు. ఫోటోకన్నా నెగటివ్ ఎక్కువ దాచుకుంటుంది. కనక ట్రంకుపెట్టె అడుగున పాత నెగటివ్‌లు దొరికితే చెత్తలో వెయ్యకండి. స్కాన్ చేయించి చూడండి. ఏ ముత్తవ్వ ముఖం మన చూపుకోసం ఎదురుచూస్తోందో!