బండెక్కక ముందే జరగాల్సిన పని

లండన్‌లో లెస్టర్ స్క్వేర్ స్టేషన్ బయట నిలబడి ఉన్నారు మీరు. వేసవికాలం, శనివారం రాత్రి ఒంటిగంట దాటింది. సినిమా హాళ్లు వదిలిన జనం, బార్లలోంచి బయటపడ్డ కుర్రకారు, వేగుతున్న ఉల్లిపాయల వాసన, పడీ పడనట్టు సన్నటి తుంపర. పక్కన మీ అక్క కూతురు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది. ఈస్ట్ హామ్‌లో ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి ఇల్లు తీసుకుంది. శుక్ర, శని రాత్రుళ్లు కొన్ని లైన్ల మీద తెల్లవార్లూ రైళ్లు నడుస్తాయి గానీ, ఈస్ట్ హామ్ వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్ వాటిలో లేదు. మీకా మోకాళ్ల నొప్పులు, నైట్ బస్సు కోసం నిలబడే ఓపిక లేదు. కారు కావాలి.

అడగకముందే ఒకతను ఎదురొచ్చాడు. "ట్యాక్సీయా? ఎక్కడికి? ఇరవై పౌండ్లివ్వండి చాలు." వెనక సందులో వెండిరంగు కారు, లోపల లైటు వెలుగుతోంది. మనిషి మర్యాదగానే ఉన్నాడు. మీరు అటు అడుగు వెయ్యబోయారు. అమ్మాయి మీ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు పిన్నీ. మనం బుక్ చెయ్యలేదు. అది ఎక్కకూడదు."

"కారు బాగానే ఉంది కదే!"

"కారు బాగుంటే సరిపోదు. మనం ఇతని కారెక్కామని ఎక్కడా రాసి ఉండదు."

గోడ వారగా మిమ్మల్ని నిలబెట్టి అప్పుడు వివరంగా చెప్పింది. లండన్ వీధిలో చెయ్యెత్తి ఆపగలిగింది నల్ల ట్యాక్సీని మాత్రమే. మిగతావన్నీ ప్రైవేట్ హైర్ కార్లు, ఊళ్లో మినీక్యాబులంటారు. వాటిని లైసెన్సున్న ఆపరేటర్ ద్వారా ముందుగా బుక్ చేసుకునే ఎక్కాలి. రోడ్డు మీద నిలబడి ప్రయాణికుల్ని పిలవడం 1994 చట్టం ప్రకారం నేరం. అలా ఎక్కితే ఆ ప్రయాణానికి బీమా వర్తించదు. రేపు ఏదైనా జరిగితే పోలీసులు మొదట అడిగే ప్రశ్నలకే, అంటే ఏ కారు, ఎవరు నడిపారు, ఎన్నింటికి ఎక్కారు అన్నవాటికే, జవాబుండదు.

నల్ల ట్యాక్సీల మీద పోలీసు శాఖ అజమాయిషీ పందొమ్మిదో శతాబ్దం నుంచే ఉండేది. మినీక్యాబుల మాటకొస్తే, 1998లో ప్రత్యేక చట్టం వచ్చేదాకా లండన్‌లో కారున్న ప్రతివాడూ డ్రైవరే. చట్టం వచ్చాక కూడా ఆపరేటర్లు, డ్రైవర్లు, కార్లు ఒక్కొక్కటిగా లైసెన్సు కిందికి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇప్పుడా పనంతా ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చూస్తోంది. దాని అధ్యక్షుడు నగర మేయరే. అంటే ఈ ఊరి జనం ఓటేసి ఎన్నుకున్న మనిషి.

నారింజరంగు దీపం వెలిగించుకుని నల్ల ట్యాక్సీ ఒకటి నెమ్మదిగా వస్తోంది. ఆ డ్రైవరుకు లైసెన్సు గుర్తుగా ఇచ్చే పచ్చ బిళ్ల కావాలంటే, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఛారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలో దాదాపు 25,000 వీధులు కంఠతా పట్టాలి. "నాలెడ్జ్" అనే ఆ పరీక్ష గట్టెక్కడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇంతకన్నా నమ్మకమైన బండి ఎక్కడుంటుందని అనిపిస్తుంది మీకు.

జాన్ వార్‌బోయ్స్ కూడా అలాంటి బండే నడిపాడు. లాటరీ తగిలిందనో, జూదంలో గెలిచాననో చెప్పి, ఒంటరిగా ఎక్కిన ఆడవాళ్లకు మత్తు కలిపిన మద్యం ఇచ్చి దాడి చేసేవాడు. 2003లోనే ఒకామె పోలీసుల దగ్గరికి వెళ్లింది. 2007లో ఇంకొకామె ఫిర్యాదు చేస్తే అతన్ని అరెస్టు చేసి వదిలేశారు. దాడులు ఆగలేదు. 2009లో, 12 మంది మహిళల పట్ల చేసిన నేరాలకు అతన్ని దోషిగా తేల్చారు. సరిగా దర్యాప్తు చెయ్యకపోవడం ముందే ఫిర్యాదు చేసిన ఆ ఇద్దరి మానవహక్కుల ఉల్లంఘనేనని 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు ఉంది, బిళ్ల ఉంది, నంబరు ఉంది. ఆడవాళ్ల మాట నమ్మే మనిషే లేకపోయాడు.

అమ్మాయి ఫోన్‌లో కారు బుక్ చేసింది. తెర మీదికి డ్రైవర్ ఫొటో, కారు నంబరు, సుమారు చార్జీ వచ్చాయి. ఈ వివరాలు ముందే పంపాలన్నది 2016లో పెట్టిన నియమం. నాలుగు నిమిషాలకు కారొచ్చింది. తలుపు తియ్యడానికి మీరు చెయ్యి చాపారు. "ఆగు పిన్నీ" అంటూ ఆమె నంబరు ప్లేటు చూసింది. అద్దం మీద గుండ్రటి నీలం బిళ్ల చూసింది. వంగి డ్రైవర్ మొహం, ఫోన్‌లో ఫొటో పక్కపక్కన పెట్టి చూసింది.

మొహం చూడటమెందుకంటారా? 2019 నవంబరులో ఉబర్ లైసెన్సు పొడిగించడానికి ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఒప్పుకోలేదు. వేరేవాళ్ల ఖాతాల్లో తమ ఫొటోలు ఎక్కించి, అనుమతి లేనివాళ్లు బండ్లు నడిపారని తేలింది. 43 మంది డ్రైవర్లు, కనీసం 14,000 ప్రయాణాలు. వాటిలో దేనికీ బీమా లేదు. కంపెనీ కోర్టుకెక్కింది, లోపాలు సరిదిద్దుకుంది, 2020 సెప్టెంబరులో 18 నెలల లైసెన్సు తెచ్చుకుంది. ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీని ఒక నగర పాలనా సంస్థ నిలబెట్టి అడిగింది: స్టీరింగ్ దగ్గర ఉన్నదెవరు?

కారు థేమ్స్ ఒడ్డునే తూర్పుకు సాగుతోంది. డ్రైవర్‌కు యాభై ఏళ్లుంటాయి. అతని బిళ్ల మీద ఫొటో ఉంది. మూడేళ్లకోసారి లైసెన్సు పొడిగించుకోవాలట. నేరచరిత్ర తనిఖీలు, డాక్టరు సర్టిఫికెట్, కారుకు ఏడాదికి రెండుసార్లు ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష. "ఖర్చు నాదే. కానీ మా అమ్మాయి కూడా రాత్రిపూట ఈ కార్లే ఎక్కుతుంది" అన్నాడు. నిబంధనలు పాటించే లక్షమందికి పైగా డ్రైవర్ల పరువు నిలబడేది ఆ తనిఖీల వల్లే. తనిఖీ సడలితే, తప్పుడు మనిషి పక్కన వాళ్లూ అనుమానితులవుతారు.

ఫోన్ మోగింది. తెనాలిలో తెల్లవారుతోంది, మీ అక్క లేచింది. "ఎక్కారా? కారు నంబరు పంపావా? జాగ్రత్తమ్మా." అమ్మాయి సరేనంది. ఆమె పంపిన నంబర్లన్నీ వాళ్లమ్మ ఫోన్‌లో దాచుకుంటుంది.

కిటికీలోంచి టవర్ బ్రిడ్జి దాటిపోయింది. ఇదే దేశంలో, ఉత్తరాన ఉన్న రోథరమ్ పట్టణంలో జాగ్రత్త చెప్పాల్సిన పెద్దలే కళ్లు మూసుకున్నారు. 1997 నుంచి 2013 దాకా అక్కడ కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో ప్రొఫెసర్ అలెక్సిస్ జే నివేదిక చెప్పింది. అందులో ట్యాక్సీ డ్రైవర్ల పాత్ర పదేపదే కనిపించింది. ట్యాక్సీ లైసెన్సులు ఇచ్చింది అక్కడి కౌన్సిలే. 2015లో, ప్రభుత్వం నియమించిన లూయీస్ కేసీ తనిఖీ తర్వాత కేంద్రం కమిషనర్లను పంపి, లైసెన్సులిచ్చే అధికారంతో సహా కౌన్సిల్ పగ్గాలు తీసుకుంది. తర్వాత అక్కడి ట్యాక్సీల్లో కెమెరాలు తప్పనిసరి అయ్యాయి.

అయినా ఒక సందు మిగిలింది. ఒక కౌన్సిల్ తిరస్కరించిన మనిషి పక్క కౌన్సిల్‌కు వెళ్లి, ఆ సంగతి దాచి, లైసెన్సు తెచ్చుకోగలిగేవాడు. ఎవరి ఫైలు వాళ్ల బీరువాలో ఉండేది. తిరస్కరణలు, రద్దులు జాతీయ జాబితాలో నమోదు చెయ్యాలని, కొత్త లైసెన్సుకు ముందు అది చూడాలని 2022లో చట్టం వచ్చింది. ఒక ఊళ్లో లైసెన్సు తీసుకుని ఇంకో ఊళ్లో బండి నడిపే వీలు మాత్రం ఆ చట్టంతోనూ పోలేదు. దాన్ని కూడా మూసెయ్యమని 2025లో అదే లూయీస్ కేసీ సిఫారసు చేశారు.

ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో దోసెల హోటళ్లు మూసేశారు. కారు వాళ్ల గుమ్మం ముందు ఆగింది. తాళం తీసి అమ్మాయి లోపలికెళ్లేదాకా డ్రైవర్ దీపాలు ఆర్పకుండా ఉన్నాడు. అది ఏ నిబంధనలోనూ లేదు, అతని మంచితనం. కానీ ఊరి ఆడపిల్లల భద్రతను ఒక మనిషి మంచితనానికి వదిలెయ్యకూడదు.

మన దగ్గరా ఏదైనా జరిగినప్పుడల్లా ముందు వినపడే మాట, ఆ వేళప్పుడు ఆ అమ్మాయి ఎందుకెక్కిందని. అడగాల్సినవి వేరే ఉన్నాయి: అతనికి లైసెన్సు ఎవరిచ్చారు? ఇచ్చే ముందు ఏం చూశారు? ఇచ్చాక మళ్లీ ఎప్పుడు చూశారు? మొదటి ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఆగిపోయింది? తెనాలిలో తల్లి చెప్పే జాగ్రత్త ఆమె ప్రేమ. ఆ జాగ్రత్తను ఉద్యోగ ధర్మంగా పాటించాల్సింది సంతకం పెట్టే అధికారి. ఆ సంతకానికి లెక్క చెప్పమని అడగాల్సింది ఓటేసిన మనం.