ఓడపురుగు కడుపు నింపే సూక్ష్మజీవులు

అద్దంకి చుట్టునున్న నల్లరేగడి చేలలో శనగ మొక్కనో, కంది మొక్కనో వేళ్లు తెగకుండా పెకలించి చూడండి. వేళ్లను అంటిపెట్టుకొని చిన్న బుడిపెలు కనిపిస్తవి. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తవి. మొక్క వాటికి నీడను, చక్కెరను ఇస్తుంది. ఈ పొత్తునే సహజీవనం అంటారు. అపరాలు వేసిన చేను మరుసటి పైరుకు బలమిస్తుందని మన రైతుకు అనుభవం వల్ల తెలిసినదే. ఇటువంటి పొత్తే ఒకటి సముద్రంలోనూ కలదు. దాని కథ ఓడలతో మొదలై ఔషధాల దాకా వచ్చింది.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకికి సముద్రంతో పాత సంబంధమే ఉన్నది. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసుకొని రెడ్డిరాజ్యాన్ని స్థాపించినాడు. ఆయన కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చినాడు. 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి సముద్ర వర్తకులను ప్రోత్సహించినాడు. అంతకు ముందే, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అదే రేవులో అభయశాసనం వేయించినాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు లాగుకొనే పాత ఆచారాన్ని ఆయన మాన్పించినాడు. తుఫానుకు నష్టపడినవానికి రాజు అభయమివ్వవచ్చు. ఓడ అడుగు చెక్కను లోలోపల తినివేసే శత్రువు విషయంలో ఏ రాజు మాత్రం ఏమి చేయగలడు?

ఆ శత్రువే ఓడపురుగు. పేరుకు పురుగే గాని, నిజానికి ఇది ఆల్చిప్పల జాతికి చెందిన జంతువు. దీని చిప్పలు రెండూ తలవైపున చిన్నవిగా మిగిలి, ఆకురాయివలె చెక్కను అరగదీసే పనిముట్లయినవి. పిల్లగా ఉన్నప్పుడు సూది మొనంత రంధ్రం చేసికొని చెక్కలో దూరుతుంది. లోపల సొరంగం తవ్వుకుంటూ పెరుగుతుంది. పైకి చూస్తే చెక్క గట్టిగానే ఉంటుంది. లోపల తేనెపట్టువలె గుల్ల అయిపోతుంది. 1503లో కొలంబస్ తన నాలుగవ యాత్రలో పురుగు తిన్న ఓడలను జమైకా ఒడ్డుకు ఎక్కించి, సుమారు ఒక ఏడాది అక్కడే చిక్కుబడిపోయినాడు. 1731లో హాలెండు దేశపు సముద్రపు కట్టల కొయ్యలను ఈ పురుగే తినివేయగా ఆ దేశం భయంతో వణికిపోయింది.

మన తీరంలో దీనిని శాస్త్రీయంగా పరిశీలించిన గౌరవం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు దక్కింది. 1950ల నుండి ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు విశాఖ రేవులో చెక్కను తొలిచే జీవులను గూర్చి పరిశోధనలు చేసినారు. గోదావరి ముఖద్వారపు మడ అడవులలో ఈ జీవుల ఉనికిని గూర్చి 1959లో గణపతి, లక్ష్మణరావు గార్లు ప్రకటించినారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. చెక్కలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్. దానిని జీర్ణం చేసికొనే శక్తి చాలా జంతువులకు స్వయంగా లేదు. పైగా చెక్కలో నత్రజని అత్యల్పం. నత్రజని లేనిదే మాంసకృత్తులు ఏర్పడవు. మరి ఈ ప్రాణి చెక్క తిని ఎట్లా బలుస్తున్నది?

1975లో కార్పెంటర్, కల్లినీ అనే శాస్త్రజ్ఞులు ఓడపురుగులలో నత్రజని స్థాపన జరుగుతున్నదని చూపినారు. 1983లో వాటర్‌బరీ, కాలొవే, రూత్ టర్నర్ ఆ పని చేసే బాక్టీరియాను మొప్పల భాగం నుండి వేరుచేసి పెంచినారు. ఒకే బాక్టీరియా సెల్యులోజ్‌ను విడగొట్టగలదు, నత్రజనినీ స్థాపించగలదు! ఓడపురుగుల జాతులను జీవితమంతా పరిశీలించిన టర్నర్ గౌరవార్థం 2002లో దానికి టెరెడినిబాక్టర్ టర్నరే అని పేరు పెట్టినారు.

మొప్పలలో ఉన్న బాక్టీరియా కడుపులోని చెక్కను ఎట్లా అరిగిస్తవి? దీనికి జవాబు 2014లో దొరికింది. బాక్టీరియా మొప్పలలో ఎంజైములను తయారుచేస్తే, అవి అక్కడినుండి చెక్క పొడి నిలువయుండే పేగు సంచికి చేరుతున్నవి. వంట ఒక ఇంట, భోజనం మరొక ఇంట అన్నమాట. విశేషమేమంటే, ఆ సంచిలో ఇతర సూక్ష్మజీవులు దాదాపు లేవు. అందువల్ల తయారైన చక్కెరను దొంగిలించేవారు లేక అంతా పురుగుకే దక్కుతుంది.

దొంగలను దూరంగా ఉంచేది ఏది? 2013లో ఈ బాక్టీరియా టార్ట్రొలాన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేస్తుందని తెలిసింది. పేగును శుభ్రంగా ఉంచడంలో దీనికి పాత్ర ఉండవచ్చునని పరిశోధకుల ఊహ. 2021లో టర్నర్‌సైక్లమైసిన్ అనే మరొక పదార్థం వెలువడింది. కడపటి అస్త్రంగా వాడే కొలిస్టిన్ మందుకు సైతం లొంగని అసినెటోబాక్టర్‌ను అది ప్రయోగశాలలో చంపగలిగింది. ఇక్కడ ఒక మంచి తర్కం ఉన్నది. జంతువు కణాలలో నివసించే బాక్టీరియా తయారుచేసే విషం తనకు ఆశ్రయమిచ్చిన జంతువును చంపకూడదు గదా! కనుక అటువంటి పదార్థం మనిషికీ హాని చేయకపోవచ్చునని ఆశ. ఇవి ఇంకా ఆసుపత్రికి చేరిన మందులు కావు. పరీక్షలెన్నో మిగిలి ఉన్నవి. చెక్కను చక్కెరగా మార్చే ఎంజైములు పరిశ్రమలకు పనికివచ్చే అవకాశం కూడా కలదు.

మందులకు లొంగని రోగక్రిములు పెరుగుతున్న ఈ కాలంలో కొత్త మందుల జాడ ఎక్కడ దొరికినా విలువైనదే. ఓడపురుగుకు సహజమైన ఇల్లు ఓడ కాదు. నీట పడిన మడచెట్టు కొయ్య. మడ అడవిని నరికితే చెట్టుతోపాటు పురుగు, దానితోపాటు దాని మొప్పలలోని బాక్టీరియా కూడా పోతవి. వాల్తేరు ఆచార్యులు పురుగులను గుర్తించి దారి చూపినారు. వాటి లోపలి జీవులను పరిశీలించే పని నేటి విద్యార్థుల కోసం ఎదురు చూస్తున్నది. శనగ వేరు మీది బుడిపెను శ్రద్ధగా చూసిన విద్యార్థికి ఈ పనిలో సగం పాఠం వచ్చినట్లే.