రొట్టె ధర అడిగితే కుమారుని గురించి చెప్పారు

నాలుగో శతాబ్దం చివర్లో కాన్‌స్టాంటినోపుల్ జనం తీరు గురించి నిస్సా బిషప్పు గ్రెగరీ ఒక ప్రసంగంలో వాపోయాడు. చిల్లర అడిగితే పుట్టినవాడెవరో, పుట్టుక లేనివాడెవరో విడమరిచి చెబుతారట. రొట్టె ధరెంతంటే తండ్రి పెద్ద, కుమారుడు ఆయన కంటే తక్కువ అని జవాబు. నీళ్లు కాగాయా అంటే, కుమారుణ్ణి దేవుడు శూన్యంలోంచి సృష్టించాడని స్నానశాల మనిషి తేల్చేస్తాడట.

గ్రెగరీకి విసుగేసింది. నాకు మాత్రం ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి ఆ ఊరి మీద ప్రేమ పుట్టింది. యేసు దేవుని కుమారుడు అన్నప్పుడు ఆ కుమారత్వం ఎలాంటిది? సృష్టిలో మొదటిదా, సృష్టికి అవతలిదా? ఇంత లోతైన ప్రశ్న రొట్టెల అంగడి దాకా ఎలా వచ్చింది? అది వెతుక్కుంటూ పోతే తోళ్ల పనివాళ్లు, ఓడ సరంగులు, గోతు యోధులు, చివరికి ఐజాక్ న్యూటన్ కూడా ఎదురయ్యారు.

దేవుని కుమారుడన్న బిరుదు క్రైస్తవులకు ముందే బాగా చలామణిలో ఉంది. ఐగుప్తు ఫరోలు సూర్యదేవుడైన రా కుమారులు. ఇశ్రాయేలు జనమంతా దేవుని జ్యేష్ఠపుత్రుడని నిర్గమకాండం చెబుతుంది. దావీదు వంశపు రాజుకూ ఆ హోదా ఉంది. రోములో చనిపోయిన జూలియస్ సీజరును క్రీ.పూ. 42లో దేవుడిగా ప్రకటించారు. వెంటనే అతని దత్తపుత్రుడు, తర్వాత ఔగుస్తు కైసరు అయినవాడు, దేవుడైనవాని కుమారుణ్ణని నాణేల మీద వేయించుకున్నాడు. తిబెరి కైసరు దేనారం మీద కూడా అదే వరస. పన్ను కట్టాలా వద్దా అని అడిగిన రోజు యేసు చూపించమన్నది ఆ నాణేన్నే అని చాలామంది పండితుల అంచనా. అదే నిజమైతే, ఒక దేవుని కుమారుని పేరున్న నాణెం గురించి మరొకరిని నిలదీశారన్నమాట.

సువార్తలను వరసగా చదివితే ఒకటి కనిపిస్తుంది. మార్కు కథ యొర్దాను నదిలో బాప్తిస్మంతో, పరలోకం నుంచి వచ్చిన స్వరంతో మొదలవుతుంది. మత్తయి, లూకా ఇంకా వెనక్కి, మరియ గర్భం దాకా వెళ్లారు. యోహాను లోకమే లేని ఆదికి వెళ్లిపోయాడు. రెండో శతాబ్దం చివర్లో థియోడోటస్ అనే తోళ్ల పనివాడు బైజాంటియం నుంచి రోముకొచ్చి, యేసు మనిషిగా పుట్టి బాప్తిస్మం నాడు దైవశక్తి పొందాడని బోధించాడు. బిషప్పు విక్టర్ అతన్ని వెలివేశాడు. తర్వాతి తరంలో అలెగ్జాండ్రియా వాడు ఓరిజెన్ అసలైన మలుపు తిప్పాడు. తండ్రి కుమారుణ్ణి కనడం ఏదో ఒకనాడు జరిగిపోయిన సంఘటన కాదు, అది ఆద్యంతాలు లేకుండా జరుగుతూనే ఉంటుందన్నాడు. తండ్రి హతసాక్షిగా చనిపోతుంటే తానూ వెంట వెళ్తానని పట్టుబట్టిన కుర్రాడితడు. వెళ్లనీయకుండా తల్లి అతని బట్టలు దాచేసిందట. ఆ తల్లికి క్రైస్తవ వేదాంతం ఎంత రుణపడి ఉందో!

ఇక నా మనసంతా ఉన్న నాలుగో శతాబ్దానికి వస్తాను.

దాదాపు 318లో అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే సంఘపెద్ద తన బిషప్పు అలెగ్జాండర్‌ను ఎదిరించాడు. తండ్రి ఒక్కడే అనాది. కుమారుడు ఎంత ఉన్నతుడైనా ఆయన చేతి సృష్టే, కుమారుడు లేని స్థితి ఒకటుండేది అన్నాడు. ఆరియస్‌ను దుర్మార్గుడిగా చూపించడం తర్వాతి వాళ్లకు అలవాటైపోయింది. అది అన్యాయం. దేవుని ఏకత్వానికి మచ్చ రాకూడదని తపించిన నిష్ఠాపరుడతను. పైగా విధేయత నేర్చుకుని, బాధపడి, ఎదిగిన కుమారుడైతే మామూలు మనిషి కూడా ఆయన వెనక నడవగలడనే ఆశ ఆ బోధలో ఉంది. అతను 'థాలియా' అనే పద్యకావ్యం రాశాడు. ఓడవాళ్లకూ, తిరగళ్ల దగ్గర పనిచేసేవాళ్లకూ, బాటసారులకూ విడివిడిగా పాటలు కట్టాడు. సిద్ధాంతం నోట నానాలంటే పాటే దారి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడుకుంటూ పెరిగిన తెలుగు క్రైస్తవులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

చక్రవర్తి కాన్‌స్టాంటైన్‌కు మొదట ఇదంతా పనికిమాలిన తగువుగా తోచింది. అయినా చల్లారకపోయేసరికి 325లో నైసియాలో, ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్‌లో, మహాసభ పిలిచాడు. సుమారు 300 మంది బిషప్పులు వచ్చారు. వాళ్లలో కొందరు పాత హింసల్లో అవయవాలు పోగొట్టుకున్నవాళ్లు. ఐగుప్తు నుంచి వచ్చిన పఫ్నూటియస్ పోయిన కంటిని చక్రవర్తి ముద్దు పెట్టుకున్నాడని ఒక కథనం. కుమారుడు తండ్రి తత్వం నుంచే జనించినవాడు, సృష్టి కాదు, ఇద్దరిదీ ఒకే తత్వం అని సభ నిర్ణయించింది. ఇద్దరు లిబియా బిషప్పులు చివరిదాకా సంతకం పెట్టలేదు.

అక్కడితో ఆగలేదు సరికదా, అసలు గొడవ అప్పుడే మొదలైంది. నైసియాకు డీకన్‌గా వెళ్లిన అథనాసియస్ 328లో అలెగ్జాండ్రియా బిషప్పయ్యాడు. ఐదుసార్లు ప్రవాసం, మొత్తం దాదాపు 17 ఏళ్లు. ఒకసారి సైనికులు పడవలో తరుముతుంటే అతను తన పడవను వెనక్కి తిప్పించి వాళ్లకే ఎదురొచ్చాడట. అథనాసియస్ కనిపించాడా అని వాళ్లడిగితే, ఎంతో దూరంలో లేడు, త్వరగా వెళ్లండి అని జవాబు.

వాదనలో నేను అథనాసియస్ వైపే. కుమారుడు కూడా మనలా సృష్టే అయితే మనల్ని దేవునితో కలపలేడు. ఆయనకే అరువుగా వచ్చినదాన్ని మనకెలా పంచుతాడు? ఆయన స్వతహాగా కుమారుడు గనకే మనం దత్తపుత్రులం కాగలం. ఆ పట్టుదలంతా దీనికోసమే. మనిషికి దొరికే హోదా ఏమిటన్న ప్రశ్న అది. రొట్టెలమ్మేవాడికి పట్టకుండా ఎలా ఉంటుంది?

ఆ ఊపు ఎంతటిదంటే, 386లో మిలాన్‌లో ఆరియస్ పక్షపు రాణి జస్టీనా ఒక గుడిని తమకిమ్మంటే, జనం బిషప్పు ఆంబ్రోస్‌తో లోపలే ఉండిపోయి రాత్రంతా కీర్తనలు పాడారు. కొన్నేళ్ల తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో ఆరియస్ వర్గం రాత్రులు వీధుల్లో పాడుతుంటే, బిషప్పు జాన్ క్రిసోస్టమ్ పోటీగా వెండి సిలువల మీద దీపాలు వెలిగించి తన భజన బృందాలను పంపాడు. కొట్లాట జరిగింది. అక్కడి రాణిగారి ఉద్యోగి బ్రైసో నుదుటికి రాయి తగిలింది, ఇరువైపులా కొందరి ప్రాణాలూ పోయాయి. ఆ చావులు క్షమించరానివి. కానీ చావులనే సాకుగా చూపి మాటనే ఆపేయడం ఇంకో తప్పు. మాటను ఆపేయడం అంతకుముందే మొదలైంది. 333లో ఆరియస్ పుస్తకాలు కాల్చాలని, దాచినవాడికి మరణశిక్ష అని కాన్‌స్టాంటైన్ ఉత్తర్వు. 388లో మతం గురించి బహిరంగంగా వాదించడాన్నే థియోడోసియస్ చట్టం నిషేధించింది. నైసియా నిర్ణయం తన బలం మీదే నిలబడగలిగేది. దానికి రాజదండాన్ని అడ్డుపెట్టాల్సిన అవసరం లేదు. థాలియాలో ఇప్పుడు మిగిలినవి తునకలే, అవీ ఎక్కువగా అథనాసియస్ ఖండించడానికి ఎత్తిరాసుకున్నవి. సరంగుల పాటలు పూర్తిగా పోయాయి.

సామ్రాజ్యంలో ఓడిన మతం సరిహద్దు అవతల బతికింది. బిషప్పు ఉల్ఫిలాస్ గోతులనే జర్మానిక్ తెగ భాషకు లిపి చేసి బైబిలును అనువదించాడు. గోతులకు యుద్ధపిచ్చి ఇప్పటికే ఎక్కువని రాజుల గ్రంథాలు మాత్రం వదిలేశాడట. ఊదారంగు చర్మపత్రాల మీద వెండి సిరాతో రాసిన ఆ సువార్తల ప్రతి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. ఇటలీలోని రవెన్నాలో గోతు రాజు థియోడొరిక్ కట్టించిన గుడి చేతులు మారాక, గోడమీది చిత్రంలో అతని పరివారాన్ని చెరిపేసి తెరలు అతికించారు. స్తంభాల మీద కొన్ని చేతులు మాత్రం చెరపడం మరిచారు. 589లో స్పెయిన్‌లోని గోతులు కూడా నైసియా పక్షంలోకి వచ్చేశారు.

తర్వాతి దాదాపు వెయ్యేళ్లను దాటేస్తున్నాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతాన్ని ఎదిరించిన మైకేల్ సెర్వేటస్‌ను 1553 అక్టోబర్ 27న జెనీవాలో సజీవదహనం చేశారు. మంటల్లో అతను పిలిచింది నిత్యుడైన దేవుని కుమారుడా అని. దేవుని నిత్య కుమారుడా అని ఉంటే బతికేవాడేమో. ఎక్కడుండాలో అక్కడ ఆ విశేషణాన్ని పెట్టడానికి అతని మనసొప్పలేదు.

న్యూటన్ అంత తెగించలేదు. కేంబ్రిడ్జిలో త్రిత్వం పేరిటే ఉన్న ట్రినిటీ కళాశాలలో ఉంటూ, రహస్యంగా ఆరియస్ పక్షానికి దగ్గరయ్యాడు. 1675లో రాజాజ్ఞ వల్ల గురుపట్టం తీసుకోవాల్సిన పని తప్పింది. అథనాసియస్ ప్రవర్తన మీద ప్రశ్నల పరంపర రాసుకున్నాడు. 336లో ఆరియస్ మరుగుదొడ్డిలో దిక్కులేని చావు చచ్చాడన్న కథ అథనాసియస్ ప్రచారంలో పెట్టిన కల్పన కాదా అన్నది అందులో ఒకటి. నా అభిమాన వేదాంతి మీద ఆ అభియోగం నన్ను బాధించినా కొట్టిపారేయలేను. ఆ మరణాన్ని అథనాసియస్ కళ్లారా చూడలేదు. ఆ కాగితాలను న్యూటన్ బతికుండగా అచ్చువేయలేదు. 1936లో లండన్‌లో వేలం వేశాక అతని వేదాంత రచనల్లో పెద్ద భాగం జెరూసలేం జాతీయ గ్రంథాలయానికి చేరింది, ఇప్పుడు ఎవరైనా చదవచ్చు.