సాదా పాఠ్యం నుంచి అచ్చు పట్టికల దాకా

కీబోర్డు మీది అక్షరాలతోనే నోట్సులో వేసుకున్న పట్టికను పుస్తకానికో పరిశోధన పత్రానికో తగిన అచ్చు పట్టికగా మార్చే పద్ధతులు 1970లలో రూపుదిద్దుకున్నాయి. సాదా పాఠ్యం అంటే బొద్దక్షరాలు, వాలక్షరాలు, రంగులు, అక్షరాల సైజు ఏవీ లేని ఫైలు. అలాంటి ఫైల్లో పట్టిక వేయడానికి దారులు రెండే. గడికీ గడికీ మధ్య ఖాళీ వదిలి, కంటికి వరుసగా కనిపించేలా సర్దుకోవడం ఒకటి. ట్యాబో, & గుర్తో, | గీతో పెట్టి, ఈ గడి ఇక్కడితో అయిపోయిందని చెప్పడం రెండోది. మొదటిది కంటికి హాయి, రెండోది యంత్రానికి సులువు. ఈ రంగంలో పడిన తంటాల్లో చాలావరకు ఈ రెంటి మధ్య నలిగినవే. తెలుగులో నోట్సు రాసుకునేవారికి మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

సీసం, టైపురైటర్

సీసపు అక్షరాలతో కూర్చే రోజుల్లో పట్టిక అంటే కంపోజిటర్‌కు చాకిరీ. నిలువు వరుసలన్నిటికీ కొలతలు కట్టాలి, గీతల కోసం రూళ్లు కోసి పెట్టాలి, అంకెలు ఒకదాని కింద ఒకటి పడేలా ఖాళీ ముక్కలు దూర్చాలి. మామూలు పేజీకన్నా పట్టిక పేజీకి ప్రెస్సువాళ్లు ఎక్కువ అడిగేది అందుకే. పాత పంచాంగం ఒకటి తీసి చూస్తే ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది. టైపురైటర్‌కు ట్యాబ్ మీట చేరాక పని కొంత తేలికయింది. ఆ మీట పేరు వచ్చిందే పట్టిక వేయడం అనే అర్థమున్న ఇంగ్లిషు మాట నుంచి. టైపురైటర్ మీద ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. ట్యాబ్, సమాన వెడల్పు అనే ఈ రెండు అలవాట్లనూ కంప్యూటర్ టెర్మినళ్లు అలాగే తెచ్చుకున్నాయి.

బెల్ ల్యాబ్స్‌లో టీబీఎల్

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం తొలినాళ్లలో, జో ఒసానా టీరాఫ్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాం రాశాడు. ఫొటోటైప్‌సెట్టర్ యంత్రాన్ని నడిపించడం దాని పని. దానితో పట్టికలు వేయవచ్చు గానీ, ఏ నిలువు వరుస ఎక్కడ మొదలవ్వాలో మనమే కొలిచి చెప్పుకోవాలి. ఈ బాధ తప్పించినవాడు మైక్ లెస్క్. ఆయన రాసిన టీబీఎల్ అనే ప్రోగ్రాం వివరాలు 1976లో బెల్ ల్యాబ్స్ సాంకేతిక నివేదికగా వెలువడ్డాయి.

టీబీఎల్ పట్టికలో ముందు ఆకృతి, తర్వాత సరుకు. ఆకృతి వరుసలో ఒక్కో నిలువు వరుసకు ఒక్కో అక్షరం: 'ఎల్' అంటే ఎడమకు, 'ఆర్' అంటే కుడికి, 'సి' అంటే నడుమకు. 'ఎన్' అంటే అంకెలు, వాటి దశాంశ బిందువులన్నీ ఒకే నిలువున పడతాయి. 'ఎస్' పెడితే ముందున్న గడి పక్క గడిలోకి కూడా సాగుతుంది. ఆ కింద ట్యాబులతో విడదీసిన సమాచారం వస్తుంది. ఫైల్లో అది ఎంత వంకరటింకరగా కనిపించినా ఫరవాలేదు, అచ్చులో తిన్నగా పడుతుంది.

ఇందులో అసలు తెలివి మరోచోట ఉంది. ఏ ఫాంటులో ఏ అక్షరం ఎంత వెడల్పో టీబీఎల్‌కు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయదు. ప్రతి గడినీ కొలిచి, అన్నిటికన్నా వెడల్పైనదాన్ని బట్టి నిలువు వరుసను నిర్ణయించమని టీరాఫ్‌కు ఆదేశాలు రాసి ఊరుకుంటుంది. కొలిచే పని కూర్చేవాడిదే తప్ప రాసేవాడిది కాదన్నమాట. గడిలో గణిత సమీకరణం ఉంటే ముందు టీబీఎల్, తర్వాత సమీకరణాలు చూసుకునే ఈక్యూఎన్, చివర టీరాఫ్. ఒకదాని చేతి నుంచి మరొకదాని చేతికి, గొలుసులా. సాదా పాఠ్యంలో రాసి అచ్చులో చూసుకునే పని చాలావరకు నేటికీ ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

టెక్, లేటెక్

1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్ తన పుస్తకం రెండో సంపుటి కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి, ఆ కూర్పు నచ్చక, తానే ఒక కూర్పు వ్యవస్థ రాయడానికి పూనుకున్నాడు. అదే టెక్. అందులో గడులను & గుర్తుతో విడదీస్తారు. పట్టికంతా చదివాకే టెక్ వెడల్పులు తేలుస్తుంది. తర్వాత లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద లేటెక్‌ను కట్టి, 1986లో దాని పుస్తకం తెచ్చాడు. ఎడమ, నడుమ, కుడి అని చెప్పడానికి లెస్క్ వాడిన అక్షరాలే లేటెక్‌లోనూ కనిపిస్తాయి.

లేటెక్ పట్టిక అందంగా వస్తుంది. రాయడమే నరకం. & గుర్తులు, వరుస చివర రెండు వెనక్కి వాలిన గీతలు కలిసి ఫైల్లో పట్టిక ఆనవాలే లేకుండా పోతుంది. శాతాల పట్టికలో పొరపాటున % గుర్తును విడిగా వదిలేస్తే, అక్కడి నుంచి వరుస చివరి దాకా ఉన్నదాన్ని లేటెక్ వ్యాఖ్య అనుకుని మింగేస్తుంది. పైగా మామూలు పట్టిక ఒక పెట్టెలాంటిది, పేజీ చివర విరగదు, అడుగు దాటి కారిపోతుంది. రెండు మూడు పేజీల పట్టికల కోసం డేవిడ్ కార్లైల్ లాంగ్‌టేబుల్ ప్యాకేజీ రాశాడు. వెడల్పులు కుదురుకోవడానికి దానికి ఫైలును ఒకటికి రెండు మూడుసార్లు నడపాలి. కొత్తవాళ్లు ఒక్కసారే నడిపి, వరుసలు చెదిరాయని కంగారు పడుతుంటారు.

గీతల తగువు

1990ల మధ్యలో సైమన్ ఫియర్ బుక్‌ట్యాబ్స్ అనే ప్యాకేజీ రాశాడు. దాని వివరణ పత్రంలో రెండు కట్టడులు పెట్టాడు: నిలువు గీతలు వద్దు, జంట గీతలు వద్దు. పైన ఒక మందపాటి గీత, శీర్షిక వరుస కింద ఒక సన్నగీత, అడుగున మళ్లీ మందపాటిది. మూడు గీతలతో పని అయిపోవాలి. ఎడంగా ఉన్న ఖాళీయే వరుసలను విడదీస్తుందని ఆయన నమ్మకం. సైన్సు పత్రికల్లో ఈ పద్ధతి బాగా పాకింది. కొలతల పట్టికలకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదనే చెప్పాలి. పంచాంగంలా ఇరుకు వరుసలు కిక్కిరిసిన పేజీకి మాత్రం దీన్ని వేదంలా పట్టుకుంటే పాఠకుడి కన్ను దారి తప్పుతుంది.

తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. మన వత్తులు పంక్తి కిందికి దిగుతాయి. ఇంగ్లిషు పట్టికకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. వత్తు గీతను తాకుతుంది. వరుసల మధ్య దూరాన్ని నాలుగో వంతు పెంచితే సాధారణంగా సర్దుకుంటుంది.

ఆర్గ్ మోడ్

నోట్సులోని పట్టికను అచ్చు పట్టికతో నేరుగా కలిపిన పని నెదర్లాండ్స్‌లో జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రవేత్త అయిన కార్స్టెన్ డొమినిక్ 2003లో ఈమ్యాక్స్ ఎడిటర్‌లో నోట్సు రాసుకోవడానికి ఆర్గ్ మోడ్ మొదలుపెట్టాడు. గడుల మధ్య | గీత కొడుతూ పోతే చాలు. ట్యాబ్ మీట నొక్కగానే పట్టికంతా దానంతటదే తిన్నగా సర్దుకుని, కర్సర్ పక్క గడిలోకి దూకుతుంది. మొదట చెప్పిన రెండు దారులూ ఇక్కడ కలిశాయి. యంత్రం చదివేది గుర్తును, మనిషి చూసేది వరుసను, ఆ వరుసను సర్దే చాకిరీ ఎడిటర్‌ది. పట్టిక అడుగున సూత్రాలు రాస్తే మొత్తాలు, సగటులు కూడా అదే కట్టి పెడుతుంది.

ఆర్గ్ పట్టికలు లేటెక్‌లోకి చేరడానికి మొదట్లో ఒక తమాషా దారి ఉండేది. లేటెక్ ఫైల్లోనే ఒక వ్యాఖ్య లోపల ఆర్గ్ పట్టిక రాసి పెట్టుకుంటారు. మీట నొక్కితే దాని లేటెక్ రూపం అదే ఫైల్లో ముందే గుర్తు పెట్టిన మరోచోట వచ్చి వాలుతుంది. పంపే పట్టిక ఒకచోట, అందుకునే చోటు ఇంకొకటి కాబట్టి వీటిని రేడియో పట్టికలన్నారు. 2013లో వచ్చిన ఆర్గ్ 8.0లో నోట్సును లేటెక్ లాంటి ఇతర రూపాల్లోకి పంపే ఎక్స్‌పోర్ట్ యంత్రాంగాన్ని నికొలా గొవాజియు మొదటి నుంచి తిరగరాశాడు. అప్పటి నుంచి పట్టిక నెత్తిన ఒక పంక్తి రాస్తే బుక్‌ట్యాబ్స్ గీతలా, లాంగ్‌టేబులా, ఏ నిలువు వరుస ఎటు ఒదగాలి అన్నవి తేలిపోతాయి. ఆ పంక్తి పైన వివరణ పెడితే పట్టిక సంఖ్య కూడా దానంతటదే పడుతుంది.

చిన్న చిన్న నిర్ణయాల్లో ఆర్గ్ వాళ్ల అభిరుచి కనిపిస్తుంది. నోట్సులో ఎన్ని | గీతలున్నా అచ్చులోకి నిలువు గీతలు వెళ్లవు. కావాలనుకుంటే ప్రత్యేక గుర్తులతో ఒక అదనపు వరుస రాసి అడగాలి. ఒక నిలువు వరుసలో సగానికి పైగా అంకెలే ఉంటే అది కుడికి ఒదుగుతుంది. %, & లాంటి గుర్తులను ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే కాపాడుతుంది కాబట్టి పైన చెప్పిన మింగుడు బాధ లేదు. గడులను కలపడం మాత్రం ఆర్గ్ పట్టికకు ఈనాటికీ చేతకాదు. లెస్క్ 1976లోనే ఒక్క 'ఎస్' అక్షరంతో చేసిన పని అది.

మార్క్‌డౌన్, పాన్‌డాక్

2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్ అనే సాదా పాఠ్య రచనా పద్ధతిలో పట్టికలు లేనే లేవు. కావాలంటే హెచ్‌టీఎంఎల్‌లో రాసుకోమన్నాడు. ఆ లోటును మిషెల్ ఫోర్టాన్ తన పీహెచ్‌పీ మార్క్‌డౌన్ ఎక్స్‌ట్రాలో | గీతల పట్టికలతో పూడ్చాడు. పైథాన్ లోకంలో డేవిడ్ గుడ్జర్ రూపొందించిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ ఇంకో దారి పట్టింది. +, -, | గుర్తులతో పెట్టెలు గీసి, బొమ్మలా కనిపించేదే పట్టిక అంది. గడులు కలపడానికి వీలుంది గానీ, ఒక గడిలో ఒక్క మాట పెరిగితే చుట్టూ ఉన్న గోడలన్నీ జరపాలి.

2006లో బర్క్‌లీ తత్వశాస్త్ర ఆచార్యుడు జాన్ మెక్‌ఫార్లేన్ ఒక పద్ధతిలో రాసిన ఫైలును మరో పద్ధతిలోకి మార్చే పాన్‌డాక్‌ను హాస్కెల్ భాషలో మొదలుపెట్టాడు. ఎవరి పక్షమూ వహించకుండా నాలుగు రకాల పట్టికలను ఒప్పుకుంది. లేటెక్‌లోకి పంపితే బుక్‌ట్యాబ్స్ గీతలతో లాంగ్‌టేబుల్ ఇస్తుంది. దీనిలో చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. | గీతల పట్టికలో ఏ పంక్తీ 72 అక్షరాలు దాటకపోతే నిలువు వరుసల వెడల్పు సమాచారాన్ని బట్టి వస్తుంది. ఒక్క పంక్తి దాటినా శీర్షిక కింది గీతలో ఎక్కడ ఎన్ని అడ్డగీతలు కొట్టారో ఆ నిష్పత్తిలో పేజీ వెడల్పు పంచుతుంది. నిన్నటి దాకా చక్కగా ఉన్న పట్టిక ఇవాళ ఒక మాట చేర్చగానే ఎందుకు మారిపోయిందో అర్థం కాక తల పట్టుకునేవారు ముందు ఆ అడ్డగీతలు లెక్కపెట్టుకోవాలి.

తెలుగు అక్షరాల వెడల్పు

సమాన వెడల్పు అన్నది టైపురైటర్ మీది రోమన్ అక్షరాల అలవాటు. తెలుగుకు అది కుదరదు. 'రాష్ట్రం' అన్న మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 8 సంకేతాలు. చాలా టెర్మినళ్లు పాటిస్తూ వచ్చిన కొలత ప్రకారం తెర మీద 5 గళ్లు (ఒక రోమన్ అక్షరం పట్టే చోటు ఒక గడి). మూడు లెక్కలు, మూడు జవాబులు. ఇంకా విచిత్రం, 'కా' ఒక గడి, 'కు' రెండు గళ్లు. యూనికోడ్ దీర్ఘాన్ని చోటు పట్టని గుర్తుల్లోనూ, కొమ్మును చోటు పట్టే గుర్తుల్లోనూ చేర్చడమే ఇందుకు కారణం. ఆర్గ్ ఎంత సర్దినా తెలుగు పట్టిక తెర మీద తిన్నగా నిలవకపోవడం ఎడిటర్ తప్పు కాదు.

అచ్చుకు మాత్రం ఈ వంకర అంటదు, పట్టిక గుర్తును నమ్మినదైతే. టెక్ రూపాంతరాలైన జీటెక్ (2004లో జొనాథన్ క్యూ తెచ్చినది), తర్వాతి లువాటెక్ యూనికోడ్ ఫాంటులను నేరుగా వాడుకుని, వత్తులూ గుణింతాలూ కలిశాక ఏర్పడిన అసలు అక్షరాన్ని కొలుస్తాయి. కాబట్టి ఆర్గ్‌లోనో పాన్‌డాక్‌లోనో ఎక్స్‌పోర్ట్ చేసేముందు, రివాజుగా వచ్చే పీడీఎఫ్‌లేటెక్‌ను మార్చి వీటిలో ఒకదాన్ని, దానితోపాటు ఒక తెలుగు ఫాంటును ఎంచుకోవాలి. పెట్టెలు గీసే పట్టికల్లో, ఖాళీలను నమ్ముకునే పట్టికల్లో తెలుగు రాస్తే గడి సరిహద్దులే తప్పిపోయి, ఒక గడిలోని అక్షరం పక్క గడిలో తేలే ప్రమాదం ఉంది. తెలుగుకు | గీతల పట్టికే క్షేమం.

2023లో బెర్లిన్ నుంచి వచ్చిన టిప్‌స్ట్ అనే కూర్పు వ్యవస్థ గడులు కలపడాన్నీ పేజీలు దాటే పట్టికలనూ తన భాషలోనే పెట్టుకుంది. పాతది మాత్రం పోలేదు. 1990 ప్రాంతంలో జేమ్స్ క్లార్క్, టీరాఫ్‌కు కొత్త రూపమైన గ్రాఫ్ అనే ప్రోగ్రాంలో భాగంగా తిరగరాసిన టీబీఎల్‌తోనే లినక్స్ మాన్యువల్ పేజీల్లోని పట్టికలు ఇవాళ్టికీ తయారవుతున్నాయి.