నిద్రలో ఉన్న శిబిరం

2024లో విడుదలైన నాగ్ అశ్విన్ గారి సైన్స్ ఫిక్షన్ చిత్రం 'కల్కి 2898 ఏడీ'ని ఇక్కడ గోవింద్‌పూర్‌లో పిల్లలతో కూర్చుని చూశాను. వాళ్ళకి యంత్రాలు నచ్చాయి. నా మనసు అశ్వత్థామ దగ్గరే ఆగిపోయింది.

హోమర్ 'ఇలియడ్' పదో భాగంలో ఒడిసియస్, డయోమెడిస్ చీకట్లో వెళ్ళి, నిద్రలో ఉన్న రీసస్ రాజునీ, అతని మనుషులు 12 మందినీ చంపి గుర్రాలు తోలుకొస్తారు. తిరిగొచ్చాక మెప్పే గాని నింద లేదు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేసిందీ రాత్రి దాడే. ఉపపాండవులను చంపాడు, తర్వాత ఉత్తర గర్భం మీదికే అస్త్రం మళ్ళించాడు. వ్యాసుడు దాన్ని వీరత్వం అనలేదు, శాపం ఇప్పించాడు.

రాత్రి దాడి అంటే ఏమిటో మనకు తెలుసు, సెంట్రీ కునుకు తీస్తే ఏమవుతుందో కూడా. అందుకని ఒడిసియస్‌ని నేను తప్పుపట్టను. కడుపులోని బిడ్డ సంగతి వేరు. సినిమాలో అదే అశ్వత్థామ వేల ఏళ్ళ తర్వాత సుమతి గర్భానికి కాపలా కాస్తాడు. శిక్షగా సెంట్రీ డ్యూటీ అన్నమాట!

అకిలీస్ కోపం కూడా ముసలి ప్రియాం వచ్చి కొడుకు హెక్టర్ శవం అడిగినప్పుడే చల్లారింది. అంత్యక్రియలకని 11 రోజులు యుద్ధం ఆపడానికి ఒప్పుకున్నాడు. 1999 కార్గిల్‌లో అలా అడగడానికి ఎవరూ రాని పాకిస్తానీ సైనికుల శవాలను మన జవాన్లే వాళ్ళ మత పద్ధతిలో ఖననం చేశారు.