దండు ఆరోగ్యము – పల్లె ఆరోగ్యము

సైనికుడనగనే యుద్ధభూమియు, తుపాకియు, విజయభేరియు జనుల తలపునకు వచ్చును. కాని ప్రపంచ సైన్యముల చరిత్రను తిరుగవేసి చూచినచో, శత్రువు చేత కూలిన వారికంటె జ్వరమునకు, అతిసారమునకు, కలరాకు బలియైనవారే పెక్కు యుద్ధములలో అధికులని తేటపడును. ఆ మరణములను లెక్కవ్రాసి చూచిన నాటినుండియే సైనికారోగ్య రక్షణ ఒక శాస్త్రముగా పెరిగినది. ఆ శాస్త్రమునకును గోదావరి సీమకును గల సంబంధము చిన్నది కాదు.

1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయిరి. 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులపై కంపెనీవారి యధికారము స్థిరపడెను. మచిలీపట్టణము, ఏలూరు, రాజమహేంద్రవరము, సామర్లకోట దండు విడిసిన స్థలములయ్యెను. తెలుగువారు కంపెనీ కొలువులో ఎంతగా చేరిరనగా, ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' అనునదియే పేరైపోయినది. మద్రాసు సైన్యమునకు మరియొక ప్రత్యేకత కలదు. సిపాయి ఎక్కడికి బదిలీయైనను భార్యాబిడ్డలు, ముసలి తల్లిదండ్రులు వెంట నడచుచుండిరి. పటాలపు లైనులన్న ఒక కదలు పల్లెయే. కావున సిపాయి తిండిలో గాని, నీటిలో గాని లోపమున్నచో దాని ఫలమును ఆ పల్లె యంతయు ననుభవించెడిది.

అట్టి లోపములలో మొదటిది తిండికి సంబంధించినది. ఉత్తర సర్కారులలోని సిపాయిలకు కాళ్లు తిమ్మిరెక్కుట, ఒడలు వాచుట, ఊపిరాడకపోవుట లక్షణములుగా ఒక వ్యాధి వచ్చుచుండెను. అదియే బెరిబెరి. మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ వ్యాధిపై ఒక గ్రంథము రచింపగా, అది 1835లో మద్రాసున అచ్చయ్యెను. రోగమును ఆయన వర్ణించెను గాని, దాని మూలము ఆనాటి వైద్యులకు అందలేదు.

మూలము దొరకినది దూరదేశములలో. అదియు సైనికుల వంటశాలలలోనే. 1882–83లో జపాను నౌకాదళమునకు చెందిన ర్యూజో అను ఓడ దీర్ఘయాత్ర చేయగా, 376 మందిలో 169 మందికి బెరిబెరి సోకి 25 మంది మరణించిరి. తకాకి అను నౌకాదళ వైద్యుడు ఆహారమును మార్పించి, 1884లో త్సుకుబ అను మరియొక ఓడను అదే మార్గమున పంపించెను. బెరిబెరి వలన ఒక్క మరణమైనను కలుగలేదు. కొలది యేండ్లకు బటావియాలో డచ్చి సైనిక వైద్యుడు ఐక్మాన్ మరియొక వింత చూచెను. సైనికాసుపత్రిలో మిగిలిన తెల్లయన్నము తిన్న కోళ్లు కాళ్లు పడి తూలుచుండెను. ఇంతలో క్రొత్త వంటవాడు వచ్చి, సైనికుల బియ్యము సైనికులు కాని కోళ్లకు పెట్టనని నిరాకరించెను. ముతక బియ్యము తినసాగిన పిమ్మట ఆ కోళ్లు కోలుకొనెను! బియ్యపు పైపొరలో, తవుడులో ఉండు జీవపదార్థము పోవుటయే వ్యాధికి కారణమని క్రమముగా తేలినది. దానినే నేడు బి1 విటమిను అనుచున్నారు. ఐక్మాన్‌కు 1929లో నోబెలు బహుమాన మిచ్చిరి.

1930–40ల నడుమ ఎక్రాయిడ్ నాయకత్వమున కూనూరు పోషకాహార పరిశోధనశాలవారు పరిశీలింపగా, మద్రాసు రాష్ట్రమున ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో బెరిబెరి అరుదనియు, పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించి తిను ఉత్తర సర్కారులలో అది విస్తారమనియు తెలిసినది. పాలిచ్చు తల్లులకు ఈ లోపమున్నచో చంటిబిడ్డలు హఠాత్తుగా మరణించుచుండిరి. సిపాయిల వ్యాధిగా 1835లో గ్రంథమునకెక్కినది, నూరేండ్లు గడచినను పల్లెలలోని ఉయ్యాలలను ఖాళీ చేయుచునే యుండెను. దంపుడు బియ్యము తినుట, గంజి వార్చి పారబోయకుండుట వంటి చిన్న మార్పులతో తొలగదగిన విపత్తు అది.

రెండవ లోపము నీటికి సంబంధించినది. 1857 తిరుగుబాటు పిదప ఇంగ్లండు ప్రభుత్వము హిందూదేశ సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించుటకు 1859లో రాయల్ కమిషన్‌ను నియమించెను. దాని వెనుక నిలిచి పనిచేసిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు. ఆమె హిందూదేశమున ఎన్నడును అడుగుపెట్టలేదు. దండు విడిసిన ప్రతి స్థలమునుండి తెప్పించిన లెక్కలను చదివియే సత్యమును గ్రహించెను. 1863లో వెలువడిన నివేదిక ప్రకారము తెల్ల సైనికులు ఏటా వేయికి 69 మంది చొప్పున మరణించుచుండిరి. మురికినీరు, మురుగు లేమి, ఇరుకు బారకాసులు, అతిగా సారాయి త్రాగుట, వ్యాయామములేని సోమరితనము – ఇవియే హంతకులని ఆమె వేలెత్తి చూపెను. 1864లో దండు ప్రదేశముల పాలనకు చట్టము వచ్చెను. బావులు, మురుగు కాలువలు, గాలివచ్చు కట్టడములు ఏర్పడెను. 1873 నాటికి ఆ మరణముల సంఖ్య వేయికి 18కి దిగినదని ఆమె ప్రకటించెను. ఈ మేలంతయు మందుసీసాలనుండి వచ్చినది కాదు. అలవాట్ల మార్పునుండియు, పరిశుభ్రతనుండియు వచ్చినది.

అయినను ఆ సంస్కరణలో ఒక వెలితి కలదు. ముందుగా బాగుపడినవి తెల్లవారి బారకాసులు. దేశీయ సిపాయి తన గుడిసె తానే వేసికొని యుండెడివాడు. దండు సరిహద్దు దాటిన పల్లె గోడు వినువాడే లేడు. ఈ అన్యాయమును గుర్తించినది గూడ నైటింగేలే. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెంది, 1847–1852 నడుమ ధవళేశ్వరపు ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటనుతో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు నెరపెను. కాలువ నీరు రైతుకు ప్రాణమనియు, నీరు పారించువారు మురుగు పోవు దారి గూడ చూపవలెననియు ఆమె వాదించెను. మురుగు ముంపు నెరిగిన లంకవాసులకును, డెల్టా రైతులకును ఆ మాటలోని విలువ వేరుగ చెప్పనక్కర లేదు.

నిలువనీటి రహస్యము మరికొంత కాలమునకు బయలుపడెను. 1879 నాటి రంప పితూరీని అణచుటకు మన్యమెక్కిన బలగములను తుపాకులకంటె చలిజ్వరము ఎక్కువగా బాధించెను. ఆ జ్వరము దోమ ద్వారా సోకుననుటకు ఆధారము దొరకినది తెలుగునేలపైననే. సికిందరాబాదు పటాలమున పనిచేయుచుండిన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయనకు 1902లో నోబెలు బహుమానము లభించెను.

మలేరియాకు తోబుట్టువు వంటిది బోదకాలు. ఇది గోదావరి జిల్లాలను తరతరములుగా పీడించినది. ఇండ్లచుట్టు గుంటలలో, మురుగులో పెరుగు దోమయే దీనికి వాహనము. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులలో వేలమందికి ఈ వ్యాధి సోకగా, మందు కొరకు వెదకులాట ముమ్మరమయ్యెను. అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో ఆ కృషికి నాయకత్వము వహించినవాడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హెట్రజాన్ అను ఆ మందు 1947లో లోకమునకు తెలిసినది. మరుసటి యేడు ఆయన న్యూయార్కులో కన్నుమూసెను. పరదేశ సైనికుల కొరకు వెదకిన మందు ఆయన పుట్టిన సీమకే అత్యవసరమైనది. జాతీయ బోదకాల నివారణ పథకము 1955లో ప్రారంభమయ్యెను. ఇంటింట మందు మ్రింగించు కార్యక్రమము 2004నుండి దేశవ్యాప్తముగా సాగినది. అయినను గుంట పూడ్చని యూరిలో మాత్ర యొక్కటే చాలదు.

ఇట్లు పరిశీలించినచో ఒక సత్యము స్పష్టమగును. సైనికుని మరణము లెక్కకెక్కెను గనుక కారణము దొరకెను. పల్లెవాని మరణము చిరకాలము లెక్కకెక్కలేదు గనుక నివారణ ఆలస్యమయ్యెను. ఈ రెంటి నడుమ వంతెన కాదగినవాడు ఊరికి తిరిగివచ్చిన సైనికుడే.

అట్టి సైనికులకు పుట్టినిల్లు తాడేపల్లిగూడెము సమీపమునగల మాధవరము. దీనిని జనులు 'మిలిటరీ మాధవరము' అనియే పిలుతురు. మొదటి ప్రపంచయుద్ధమునకు ఈ గ్రామమునుండి 90 మంది వెళ్లిరి; రెండవ యుద్ధమునకు వేయిమందికి పైగా వెళ్లిరి. స్వాతంత్ర్యానంతరము గూడ ఆ యానవాయితీ తెగలేదు.

అట్టి గ్రామములకు నేడు ఎదురగుచున్న శత్రువు వేరు. జవానుకు కొలువులో వేకువ పరుగు, కవాతు, వేళకు భోజనము, ఏటేటా వైద్యపరీక్ష నియమములు. పలువురు జవాన్లు నలువది యేండ్లు నిండకయే, లేక నిండిన కొలదికాలమునకే యిల్లు చేరుదురు. పరుగు ఆగిపోవును, కవాతు నాటి ఆకలి మాత్రము అట్లే నిలుచును. మూడుపూటల తెల్లయన్నము, పొగాకు, క్యాంటీను సీసా తోడైనచో మధుమేహమును, రక్తపుపోటును పిలిచి పీట వేసినట్లే. మాజీ సైనికులకును వారి కుటుంబములకును వైద్యసహాయార్థము భారత ప్రభుత్వము 2003లో ప్రత్యేక పథకమును స్థాపించినది. రోగము వచ్చిన పిదప అది అండ. రాకుండ చూచుకొనుట ఎవరికి వారు చేయవలసిన కాపలా.

ఆ కాపలాకు కావలసినవి కొలువులో నేర్చినవే: తెల్లవారుజామున నడక, మితాహారము, పాలిషు తగ్గిన బియ్యము, కాచిన నీరు, మత్తుకు దూరము, ఏడాదికొకసారి పరీక్ష. విశ్రాంత సైనికుడు వేకువనే నలుగురు పడుచువారిని వెంటబెట్టుకొని కాలువగట్టున నడచినచో, ఇంటివెనుక గుంటను తానే ముందుగా పూడ్చినచో, అది ఊరంతటికి పాఠమగును. లెక్క వ్రాయుట, చదువుట, తెలిసినదానిని పదుగురికి చెప్పుట గ్రంథాలయ ధర్మములు. నైటింగేలు లక్షల ప్రాణములను కాపాడినది ఈ మూడు సాధనములతోనే. గ్రామమున ఏ జ్వరము ఎందరికి, ఏ మాసమున, ఏ వీధిలో వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయపు బల్లపై నుంచినచో, దండునకు నూరేండ్లకు మునుపే దక్కిన మేలు పల్లెకు గూడ దక్కగలదు.